పద్నాలుగు ఊపిరులు

గుండ్లవంక, కోసిగి పోస్టు
12 ఫిబ్రవరి 1955

డ్రిల్లు మాస్టరు ఖాసిం సాహెబ్ గారికి, శిష్యుడు బసవరాజు నమస్కరించి రాసేది.

సార్, నన్ను మరచిపోయి ఉంటారు. ఆదోని హైస్కూల్లో మయూరాసనం వేయబోయి మూతి పగలగొట్టుకున్న గుండ్లవంక బసవరాజును. మీరు పింఛను తీసుకొని సొంతూరు కమలాపురం వెళ్లిపోయారని విని రాస్తున్నాను.

మా నాయన దేవేంద్రప్పను చంపేశారు. జనవరి ఇరవయ్యో తేదీ, పొద్దు పొడిచే వేళ, మా చెనక్కాయల కల్లంలో. చంపింది మా ఊరి కంబన్న. వంకకు అడ్డకట్ట వేసి నీళ్లు ఎవరి చేనికి మళ్లించుకోవాలనే దగ్గర ఇద్దరికీ మూడేండ్లుగా పడటం లేదు.

ఐదుగురు వచ్చారు. నాయన చెనక్కాయ కట్టె వామి మీదికి ఎక్కబోతే కాలు పట్టి లాగారు. మొదటి వేటు కంబన్నది. మెడకు గురిపెట్టాడు గానీ భుజానికి దిగింది. నాయన "ఒరేయ్ కంబన్నా, నీళ్లు తీస్కపోరా, అన్నీ నువ్వే తీస్కపో" అన్నాడు. ఆ మాట పూర్తి కాకముందే రెండో వేటు పడింది. తర్వాతవి లెక్కపెట్టలేదు. కాయలన్నీ ఎర్రగా అయిపోయాయి. ఆ కుప్పను కొనేవాడు లేక మొత్తం తగలబెట్టాం.

నేను నలభై అడుగుల దూరంలో చేట పట్టుకొని నిలబడి ఉన్నాను. కాళ్లు లేవలేదు సార్. అంతా అయిపోయి వాళ్లు కొడవళ్లు తుడుచుకొని పోయేదాకా ఆ చేట నా చేతుల్లోనే ఉంది.

కేసు నిలిచేటట్లు లేదు. చూసిన వాళ్లందరూ చూడలేదన్నారు. కంబన్న బెయిలు మీద వచ్చి మా వీధిలోనే తిరుగుతున్నాడు. మా అమ్మ ఉరుకుందమ్మ రోజూ నాయన కంచంలో ఒక జొన్నరొట్టె పెట్టి నా ఎదురుగా ఉంచుతోంది. "వాడు పడిన పొద్దు ఈ రొట్టె ఎత్తేస్తా. అంతవరకూ దీన్ని చూస్కుంటా తిను" అంటుంది. నాకు ముద్ద దిగడం లేదు. ఊపిరి సగంలో ఆగిపోతోంది. చేతులు వణుకుతున్నాయి. అప్పట్లో మీరు ఊపిరి పట్టడం, కుదురుగా కూర్చోవడం నేర్పేవారు. అది మళ్లీ నేర్పుతారా?

మీ
బసవరాజు

*

కమలాపురం
21 ఫిబ్రవరి 1955

చిరంజీవి బసవరాజుకు ఖాసిం సాహెబ్ దీవించి రాసేది.

నిన్ను మరచిపోవడమా? నీ మూతి నుంచి కారిన రక్తం నా తెల్ల చొక్కా మీద పడితే మా ఇంటావిడ నబీసా మూడుసార్లు ఉతికినా మరక పోలేదు. ఆ చొక్కా ఇప్పటికీ ఉంది. నీ ఉత్తరం చదివి వినిపిస్తే ఆమె పొయ్యి దగ్గర కూర్చొని ఏడ్చింది. నేను ఏడవలేదు. పెరట్లోకి పోయి మొండికట్టెను గొడ్డలితో చీలికలు చీలికలు చేశాను. నా కోపం సంగతి నీకు తెలుసు గదా.

అందుకే నీకు చెప్పడానికి నేనే తగినవాణ్ని. ఇరవయ్యేళ్ల వయసులో బళ్లారిలో చెడుగుడు ఆటలో ఒకడి పండ్లు నాలుగు రాలగొట్టాను. డ్రిల్లు ట్రైనింగు నుంచి తరిమేస్తారనుకుంటే మాకు ఆసనాలు నేర్పే ముసలి అయ్యవారు అడ్డుపడ్డాడు. ముక్కు కొన మీద చూపు నిలపమన్నాడు. నాకు నిలవలేదు. కోపం ఉండేదే అక్కడ గదా! అప్పుడాయన తుంగభద్ర ఒడ్డున కూర్చోబెట్టి, "అదో ఆ కొంగను చూడు. అది నిన్ను మరచిపోయేదాకా కదలొద్దు" అన్నాడు. నలభై రోజులు పట్టింది. కొంగ నన్ను మరచిపోయింది, నేను ఆ పండ్లూడినవాణ్ని మరచిపోయాను. నాకు తెలిసిన యోగం ఇంతే. తక్కినదంతా కాళ్లు మడవడం.

కాబట్టి ఊరి బయట ఒక చోటు చూసుకో. తెల్లవారకముందే పోయి కూర్చో. నడుము నిటారుగా ఉండాలి. నాలుగు అంకెల సేపు పీల్చు, ఎనిమిది అంకెల సేపు వదులు. ఏ పిట్ట కనపడితే ఆ పిట్టను చూడు. నీ మనసులో ఏముందో నాకు రాయవద్దు. ఏం చూశావో, ఎప్పుడు చూశావో, ఎన్ని ఊపిరులు చూశావో రాయి. అబద్ధం రాస్తే నాకు తెలిసిపోతుంది. పిట్టల దగ్గర నా కన్ను కప్పలేవు.

ఇట్లు
ఖాసిం సాహెబ్

*

గుండ్లవంక
14 మార్చి 1955

సార్ గారికి నమస్కారాలు.

మీరు చెప్పినట్లే చేస్తున్నాను. ఊరికి మైలు దూరంలో వంక దాటేచోట పెద్ద రాతిగుండు ఉంది. దాని మీద ఈతచాప వేసుకొని కూర్చుంటున్నాను.

మొదటి వారం ఒక్క పిట్టా రాలేదు. నా ఊపిరి చప్పుడుకే పారిపోయాయేమో. తొమ్మిదో రోజు పాలపిట్ట తుమ్మకొమ్మ మీద వాలింది, ఇరవై రెండు ఊపిరులు. పదకొండో రోజు పసులపోలిగాడు గద్దను తరుముతుంటే చూశాను. అంత చిన్న పిట్ట, అంత పెద్ద గద్ద నెత్తి మీద పొడిచి పొడిచి పంపింది. చాలాసేపు నాకు నవ్వొచ్చింది, తర్వాత నవ్వినందుకు సిగ్గేసింది. అప్పట్నుంచి రోజూ వచ్చేది మాత్రం తీతువు జంట. నేను కొంచెం కదిలినా చాలు, నెత్తి మీద తిరుగుతూ ఒకటే అరుపు. తీతువు అరిస్తే చావు కబురని మా ఊళ్లో దాన్ని రాళ్లతో కొడతారు. నేను కొట్టలేదు.

ఒక సంగతి రాయవద్దన్నారు గానీ రాయకుండా ఉండలేను. మార్చి ఆరున కంబన్న మనుషులు మా జొన్నసొప్ప వామికి నిప్పుపెట్టారు. వామి పక్కనే కట్టేసిన ఎద్దుల్లో ఒకదాని వెనక కాళ్ల నరాలు కోసి మరీ పోయారు. అది మంటకు దూరంగా పోలేక ముందు కాళ్ల మీద దేక్కుంటూ అరిచింది. చివరికి నేనే గొడ్డలి తీసుకున్నాను. మూడు దెబ్బలు కొట్టాల్సి వచ్చింది. మర్నాడు కూడా గుండు మీదికి పోయాను. చేతులు వణకలేదు. మీ మందు పనిచేస్తోంది సార్.

మీ
బసవరాజు

*

కమలాపురం
22 మార్చి 1955

చిరంజీవి బసవరాజుకు,

ఆ ఎద్దు సంగతి చదివి నేను, నబీసా ఆ పూట అన్నం ముట్టలేదు. అయినా మర్నాడు పోయి కూర్చున్నావు చూడు, అది గొప్ప. ముప్పయ్యేళ్లలో వెయ్యిమందికి డ్రిల్లు నేర్పాను. కూర్చోవడం నేర్చినవాడివి నువ్వొక్కడివే. ఈ వయసులో నాకు ఇంత గర్వం పనికిరాదు, కానీ ఉంది.

ఇక తీతువు సంగతి విను. అన్ని పిట్టల్లోకీ అది కష్టమైన గురువు. నేలమీద గూడు పెడుతుంది కాబట్టి దానికి అందరూ శత్రువులే. అది అరిచినప్పుడు నువ్వు ఉలిక్కిపడి కదిలావా, నెల రోజుల పని నాశనం. తీతువు అరిచినప్పుడు కదలవద్దు. ఊపిరి సగం వదిలి అక్కడే పట్టు. అదే కుంభకం. దానికి నువ్వొక రాయివి కావాలి. కదిలితే తల్లి గూటికి రాదు, గుడ్లు ఎండకు ఉడికిపోతాయి. ఇది గుర్తుంచుకో.

నీ ఉత్తరం చదివి వినిపిస్తుంటే నబీసా ఉల్లిగడ్డలు తరగడం ఆపి, "ఆ గుండు కాడ్నుంచి ఏం కనపడ్తాదంట?" అని అడిగింది. పిట్టలు కనపడతాయి, ఇంకేం కనపడతాయి అన్నాను. "ఊళ్లో అన్ని గుండ్లుండగా దావ పక్క గుండే యాల ఎంచుకున్యాడో అడుగు" అంది. ఆడవాళ్లకు అన్నిట్లోనూ అనుమానమే. అడగమంది కాబట్టి అడుగుతున్నాను.

ఇట్లు
ఖాసిం సాహెబ్

*

గుండ్లవంక
9 ఏప్రిల్ 1955

సార్ గారికి నమస్కారాలు.

తీతువు నన్ను మరచిపోయింది. నేను పోయి కూర్చున్నా, లేచినా అరవడం లేదు. ఏప్రిల్ ఐదున గుండు కింద గులకరాళ్లలో దాని గూడు కనపడింది. గూడంటే గూడు కాదు, ఉత్త గుంట. నాలుగు గుడ్లు. గులకరాళ్లకూ వాటికీ తేడా తెలియడానికి నాకు పదహారు ఊపిరులు పట్టింది. ఇరవై ఎనిమిది రోజులు పొదుగుతుందని మీరు అప్పట్లో చెప్పారు. లెక్కపెడితే మే మూడుకు పిల్లలవుతాయి, అది మంగళవారం.

ఇప్పుడది నాకు తప్ప అందరికీ అరుస్తుంది. బండికి ఒకసారి, మనిషికి రెండుసార్లు. మంగళవారం కోసిగి సంత. ఆ రోజు తెల్లవారుజామున ఒక మనిషి ఒక్కడే ఈ దారిన నడిచిపోతాడు. దారి మలుపులో అతని అడుగు పడగానే తీతువు రెండుసార్లు అరుస్తుంది. ఆ అరుపు నుంచి అతను గుండు కిందికి వచ్చేసరికి పద్నాలుగు ఊపిరులు. మూడు మంగళవారాలు లెక్కపెట్టాను, మూడుసార్లూ పద్నాలుగే. పిట్ట అరుస్తుందనే ధైర్యంతోనే అతను ఒంటరిగా వస్తాడు. గుండు మీద ఎవరైనా ఉంటే అది ముందే లేచి అరుస్తుందని అతని నమ్మకం.

మా జీతగాడు పుల్లయ్యను మొన్న కంబన్న మనుషులు పట్టుకొని చెవి కోసి, వెత్తాకులో తాంబూలంలా చుట్టి అతని చేతికే ఇచ్చి మా ఇంటికి పంపారు. "మీ బసవరాజుకు వినపడ్లేదేమో, దీంతో వినమను" అన్నారట. అమ్మ గాయానికి పసుపు అద్దుతూ నావైపు చూసింది.

నబీసమ్మ గారికి నా నమస్కారాలు చెప్పండి. గుండు మీద నుంచి దారి కనపడుతుంది.

మీ
బసవరాజు

*

కమలాపురం
16 ఏప్రిల్ 1955

బసవరాజూ,

ఎవరా మనిషి?

నీ ఉత్తరం రెండుసార్లు చదివినా నాకు అర్థం కాలేదు. మూడోసారి నబీసా చదివించుకొని విని, "పాపం, ఆ పిట్టను సూస్తాండాడనుకుంటాండావు నువ్వు" అంది. అప్పుడు అర్థమైంది.

నేను అరిస్తే ఆరుమైళ్లు వినపడే గొంతు నాది. ఇప్పుడు కాగితం మీద అరుస్తున్నాను, విను. ఆ గుండు దిగు. ఈ ఉత్తరం చదివిన నిమిషాన దిగు. పిట్ట అరుపుకూ మనిషి అడుగుకూ మధ్య ఊపిరులు లెక్కపెట్టమని నీకు ఏ గాడిద చెప్పాడు? నేనే చెప్పాను. ఎన్ని ఊపిరులో రాయమన్నాను, కుంభకం పట్టమన్నాను, పిట్ట నిన్ను మరచిపోయిందంటే నా పాఠం ఫలించిందని వీధిలో నలుగురికీ చెప్పుకున్నాను. నీకు కొడవలి పదును పెట్టిచ్చినా ఇంత పాపం అయ్యేది కాదు.

కంబన్నను చంపితే నీకు ఉరి. లేదంటే వాడి కొడుకులు నిన్ను చంపుతారు. మీ అమ్మ అప్పుడు రెండు కంచాల్లో రొట్టెలు పెట్టుకొని కూర్చుంటుంది. కమలాపురం వచ్చేయ్. మా ఇంట్లో ఉండు. ఇక్కడ పాపాఘ్ని ఒడ్డున కావలసినన్ని కొంగలు.

ఖాసిం సాహెబ్

*

గుండ్లవంక
27 ఏప్రిల్ 1955

సార్ గారికి,

దాచి లాభం లేదు. ఆ మనిషి కంబన్నే. మొదటి రోజు నుంచీ నేను ఆ గుండునే ఎంచుకున్నాను. కానీ మొదటి రోజు నుంచీ పిట్టల్ని కూడా చూశాను, అది అబద్ధం కాదు.

నిన్న మంగళవారం కొడవలి పట్టుకొని కూర్చున్నాను. తీతువు రెండుసార్లు అరిచింది. లెక్క మొదలుపెట్టాను. పన్నెండో ఊపిరికి గుడ్ల గూటి అంచున అతని కాలు పడబోయింది. తల్లి తీతువు రెక్కలు చాచి సూటిగా మొహం మీదికి దూకింది. కంబన్న తలగుడ్డ తీసి ఊపుతూ, "పో తల్లీ పో, నీ గుడ్లు నాకెందుకు" అని పక్కకు తప్పుకొని నడిచాడు. తలగుడ్డ తీసిన మెడ నాకు రెండు మూరల కింద ఉంది. తెల్ల వెంట్రుకలు కూడా కనపడ్డాయి. పద్నాలుగు అయింది. పదిహేను అయింది. అతను పోయాడు.

చేయి లేవలేదు. కల్లంలో లేవని కాళ్లలాగే ఇదీ లేవలేదు. ఇంటికి పోతే అమ్మ కొడవలిని చూసి, "తుడ్సుకొని వచ్చినావా, ఉత్తగానే వచ్చినావా?" అంది. ఉత్తగానే అన్నాను. నా మొహాన ఉమ్మింది.

వచ్చే మంగళవారం, మే మూడున తప్పదు. మీరు రాయవద్దు. రాసినా చదవను.

బసవరాజు

*

కమలాపురం
30 ఏప్రిల్ 1955

గుండ్లవంక కంబన్న గారికి కమలాపురం ఖాసిం సాహెబ్ సలాము చేసి రాసేది. చదివి వినిపించేవారికి కూడా సలాము.

అయ్యా, మీరు నన్ను ఎరగరు. నేను బసవరాజుకు చదువు చెప్పినవాణ్ని. వచ్చే మంగళవారం సంతకు మీరు వంక దారిన పోవద్దు. దాటేచోట ఉన్న పెద్ద గుండు మీద ఆ పిల్లవాడు తెల్లవారకముందే కూర్చొని ఉంటాడు. తీతువు అతన్ని చూసి అరవదు, అందువల్ల మీకు తెలియదు. వేరే దారిన పోండి. లేదా సంతే మానుకోండి.

అతన్ని ఏమీ చేయవద్దని మీ కాళ్లు పట్టుకొని అడుగుతున్నాను. అతని తండ్రి పోయాడు. అక్కడితో చాలించండి. మీకూ బిడ్డలున్నారు. ఒక ముసలివాడి మాట నిలబెట్టండి.

ఖాసిం సాహెబ్

*

గుండ్లవంక
1 మే 1955

సార్ గారికి శతకోటి నమస్కారాలు.

పోయిన ఉత్తరంలో మిమ్మల్ని రాయవద్దన్నాను. నన్ను క్షమించండి. మీ పాత ఉత్తరాలన్నీ తీసి మళ్లీ చదివాను.

నాలుగు రోజులుగా ఒకటే ఆలోచన, నా చేయి ఎందుకు లేవలేదని. భయమైతే ఊపిరి తప్పాలి గదా? తప్పలేదు. చేతులు వణకాలి, వణకలేదు. నిన్న మళ్లీ గుండు ఎక్కి కూర్చుంటే తెలిసింది. తల్లి తీతువు అతని మొహం మీదికి దూకినప్పటి నుంచీ నేను దాన్నే చూస్తూ ఉండిపోయాను. అతను కంబన్న అనేది మరచిపోయాను సార్. మా నాయనను చంపినవాడు నా కింద నడిచిపోతుంటే, వాడు గుడ్లు తొక్కకుండా పోతే చాలునని చూశాను. తెలిసినప్పుడు తలను రాయికేసి కొట్టుకొని ఏడ్చాను. నాయనకు ద్రోహం చేశాననిపించింది. కానీ జనవరి నుంచి నేను ఏడవడం అదే మొదటిసారి. ఏడ్చాక ఊపిరి అడుగుదాకా పోయింది.

మీ కొంగ లాంటిదే ఇది. నా వల్ల ఇక కాదు. అమ్మకు చెప్పేశాను. కొడవలి తెచ్చి ఆమె ముందు పెట్టి, "నా చేత కాదమ్మా, నన్ను ఇడ్సిపెట్టు" అన్నాను. ఆమె రొట్టెలు చేసే పెనం కాడతో నా నెత్తి మీద కొట్టింది. నాలుగు కుట్లు పడ్డాయి. కొడవలి మాత్రం తీసి దూలం సందులో దోపింది. అప్పటి నుంచి నాకు అన్నం పెట్టడం లేదు. పుల్లయ్య భార్య పెడుతోంది.

మంగళవారం గుడ్లు పగులుతాయి. అవి చూడకుండా ఉండలేను. ఉత్త చేతులతో పోతాను. పిల్లల్ని చూసి, బుధవారం రైలుకు కమలాపురంలో దిగుతాను. మీరు రమ్మన్నారు గదా. నబీసమ్మ గారిని నాకు ఏదైనా వండిపెట్టమనండి. మూడు నెలలుగా నాకు ఆకలి అంటే ఏమిటో తెలియలేదు, ఇప్పుడు వేస్తోంది.

మీ శిష్యుడు
బసవరాజు

*

కమలాపురం
4 మే 1955

నాయనా బసవరాజూ,

నీ ఉత్తరం ఈ రోజు పొద్దున చేరింది. బుధవారం. చదివి అట్లే స్టేషనుకు పోయాను. రైలు వచ్చింది, పోయింది. నువ్వు దిగలేదు. తర్వాతి రైలుకూ దిగలేదు. నబీసా నీ కోసం కోడికూర వండింది. గిన్నె అట్లే ఉంది.

నేను చేసిన పని చెబుతున్నాను. నేను కంబన్నకు ఉత్తరం రాశాను. గుండు, రోజు, వేళ, పిట్ట నిన్ను చూసి అరవదనే మాట, అన్నీ రాశాను. ఆ దారిన పోవద్దని రాశాను. నిన్ను ఏమీ చేయవద్దని కాళ్లు పట్టుకొని రాశాను. నేను మొహం కూడా చూడనివాడికి, అప్పటికే ఒకణ్ని నరికినవాడికి, నువ్వు ఎక్కడ కదలకుండా కూర్చుంటావో చెప్పాను.

ఆ రోజు నబీసా, "ఉత్తరమెందుకు, నువ్వే పో. పోయి పిల్లోణ్ని రెక్క పట్టుకొని తీస్కరా" అంది. మా ఊళ్లో రైలెక్కితే ఆ రైలే కోసిగిలో దింపుతుంది. మోకాళ్లు నొప్పి అన్నాను. నొప్పి కాదు బసవరాజూ. భయమేసింది. నీ కొడవలి అంటే భయం, వాళ్ల కొడవళ్లంటే భయం. రెండింటి మధ్యా నిలబడటానికి కాళ్లు లేవలేదు. కల్లంలో నీ కాళ్లు లేవలేదని రాసినప్పుడు నీకు ధైర్యం చెప్పినవాణ్ని నేను.

నువ్వు బతికి ఉంటే ఒక్క గీత గీసి పంపు. తిట్టి పంపు. ఎవరిచేతనైనా రాయించు.

ఖాసిం సాహెబ్

*

ఆదోని, ఆసుపత్రి
9 జులై 1955

సార్ గారికి,

ఎడమ చేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే మన్నించండి. ఈ ఉత్తరం మొదలుపెట్టి ఆరు రోజులైంది.

కుడి చేయి మోచేతి దగ్గర తీసేశారు. వీపు మీద రెండు వేట్లు, తొడ మీద ఒకటి. తొడది ఇంకా చీము పడుతోంది. చచ్చాననుకొని వదిలిపోయారు. సంతకు పోయే బండివాళ్లు గోనెపట్టలో వేసుకొని కోసిగి తెచ్చి, రైల్లో ఇక్కడికి పంపారు.

ఏం చూశానో రాయమని మీ షరతు గదా, రాస్తున్నాను. చీకటితోనే పోయి కూర్చున్నాను. వెలుతురు వచ్చేసరికి మొదటి పిల్ల బయటపడి ఉంది. తడిగా, పెంకు ముక్క నెత్తి మీద పెట్టుకొని. ఇంకాసేపటికి రెండోది, మూడోది. నాలుగో గుడ్డుకు చిన్న బొక్క పడింది. తల్లి ఒక్కసారి లేచి అరవడం మొదలుపెట్టింది. గద్ద వచ్చిందేమో అనుకున్నాను. మనిషి వస్తే మలుపు నుంచి రావాలి, మలుపులో ఎవరూ లేరు. వెనక బండల మీద చెప్పుల చప్పుడు వినపడింది. వినపడలేదని చెప్పను. తిరిగి చూడాలంటే కదలాలి. కదిలితే తల్లి గూటికి రాదని మీరు రాశారు, పిల్లలు ఇంకా తడిగా ఉన్నాయి. ఊపిరి సగం వదిలి అక్కడే పట్టాను. తొమ్మిదో ఊపిరికి మొదటి వేటు పడింది.

నాయన పోయిన రోజు భయంతో కదలలేదు. ఈసారి నాకు భయం లేదు. ఇది మీకొక్కరికి తెలిస్తే చాలునని రాస్తున్నాను.

మీ ఉత్తరం మా ఇంటికి వస్తే అమ్మ మడత విప్పకుండా ఇక్కడికి తెచ్చింది. ఆమెకు చదువు రాదు. మంచం చుట్టూ మా పెదనాయన కొడుకులు నలుగురూ ఉన్నారు. "గుండు మింద నువ్వుంటావని కంబన్నకు ఎవరు చెప్పిరి? వాని పేరు చెప్పు చాలు, తక్కినది మేం చూస్కుంటాం" అని రోజూ అడుగుతున్నారు. వాళ్ల ముందే చదివాను. అమ్మ, "మీ సారు ఏం రాసినాడప్పా?" అంది. త్వరగా నయం కావాలని దీవించారన్నాను. వాళ్లు అటు పోగానే కాగితాన్ని నమిలి మింగేశాను. ఎడమ చేత్తో చింపడం అప్పటికి రాలేదు.

పేరు చెప్పందే వాళ్లు వదిలేటట్లు లేరు. కమలాపురం రైలు దూరంలోనే ఉందని నాకు తెలుసు. అందుకని, "ఎవ్వరూ చెప్పలేదు. తీతువు అరిచింది. ఆ అరుపుకు వాళ్లకు నా జాడ తెలిసిపోయింది" అన్నాను. వెంటనే నమ్మారు. తీతువు మీద ఏం చెప్పినా మా ఊళ్లో నమ్ముతారు.

ఆ సాయంత్రమే అమ్మ ఊరికి పోయి దూలం సందులో కొడవలి తీసింది. గుండు దగ్గరకు పోయింది. పిల్లలకు అప్పటికి ఇంకా రెక్కలు రాలేదు. మనిషి అలికిడికి అవి రాళ్ల మధ్య నక్కి కదలకుండా ఉంటాయి గదా సార్, అట్లే ఉన్నాయట. తల్లి అమ్మ మొహం మీదికి దూకిందట. దాన్ని కూడా వదల్లేదు. మర్నాడు వచ్చి, "సంపేసినాలే, ఇంగ నిమ్మలంగా పడుకో" అని నా తల నిమిరింది. చేతి మీద ముక్కు గీరిన గాయాలున్నాయి. ఆ రోజు నుంచి నాయన కంచంలో రొట్టె పెట్టడం మానేసిందని పుల్లయ్య చెప్పాడు. కంబన్న మాట కూడా ఎత్తడం లేదట. ఎందుకని నేను అడగలేదు.

మీ మీద కోపం లేదని రాయలేను. ఉంది. లేని చేతి వేళ్లు లాగుతుంటే ఇంకా ఎక్కువగా ఉంటుంది. ఇక్కడ కిటికీ మీద పిచ్చుకలు వాలుతుంటాయి. చూడటం లేదు. గోడవైపు తిరిగి పడుకుంటున్నాను. అయినా ఊపిరి దానంతట అదే లెక్కకు పోతోంది, నాలుగు పీల్చి ఎనిమిది వదులుతోంది. ఆపడం నా వల్ల కావడం లేదు.

వచ్చే వారం పంపించేస్తారట. నేను ఊరికి పోలేను. ఒంటిచేత్తో, ఈ తొడతో రైలెక్కలేను. ఎవరైనా పట్టుకొని ఎక్కించాలి.

ఈసారి ఉత్తరం రాయకండి సార్. రైలెక్కి రండి.

బసవరాజు